నా నుదుటికి పడబోయిన వాతను ఆపిన రాహేలమ్మ

ఈ పొద్దున మీ చిన్నతాత పిచ్చయ్య పాకలో ఏదో గొర్రెకు వాత పెట్టినట్టున్నాడు, కాలిన ఉన్ని వాసన మన వాకిలి దాకా వచ్చింది. అది ముక్కుకు తగలగానే నా చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోయింది. నువ్వు చూసి నవ్వావు. ఎందుకో ఈ నాయనమ్మ చెబుతుంది, రాసుకో శ్రావణీ. రాహేలమ్మను ఎన్నడూ చూడనివాళ్లు కూడా దీన్ని చదువుతారంటున్నావు కాబట్టి మొదటి నుంచి చెబుతాను. నేను పక్కదారి పడితే నువ్వే మళ్లించాలి.

రాహేలమ్మది మన నడిగూడెమే, మూడిళ్ల అవతల ఉండేది. మిర్యాలగూడలో, సూర్యాపేటలో దవాఖానల్లో నర్సుగా చేసి, రిటైరయ్యాక సొంత ఊరికి వచ్చింది. మనిషి పొట్టి, అంగలు మాత్రం పెద్దవి. ఆమెతో కలిసి నడవాలంటే మనం ఉరకాల్సిందే. దవాఖాన నుంచి ఎవరు తిరిగొచ్చినా వాళ్లను గుమ్మం ముందే ఆపి, డాక్టరు ఏమన్నాడని అడిగేది. ఏమో, గోలీలు రాసిండు అనేవాళ్లు వీళ్లు. “గోలీలు సంచిల కనవడుతనే ఉన్నయి. ఆయన ఏమన్నడో అది చెప్పు” అనేది. చెప్పలేకపోతే మళ్లీ పోయి అడిగి రమ్మనేది. ఊళ్లో అందరికీ ఆమె అంటే జంకు. నాకైతే కోపం కూడా, పక్కవాళ్ల రోగాలు ఈమెకెందుకని.

మూడేళ్ల కింద మన పొట్టేలు నన్ను వెనక నుంచి పొడిచింది. పడి, తల పొలం ఒడ్డు మీది రాయికి తగిలింది. మీ నాన్న బండి మీద కోదాడ తీసుకుపోయి స్కానింగ్ తీయించాడు. అక్కడి డాక్టరు చూసి, లోపల రక్తం కారలేదు, గండం లేదన్నాడు. మెదడు పక్కన చిన్న నీటి బుడగ ఒకటి కనబడుతోంది, అది ఈ దెబ్బతో వచ్చింది కాదు, తొందరేమీ లేదు, వీలు చూసుకుని సూర్యాపేటలో మెదడు డాక్టరుకు చూపించండి అని కూడా అన్నాడు. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు, ఆయన మాత్రం ఎంతసేపు చెబుతాడు. మీ నాన్న గండం లేదన్న మాట పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు. నేను నీటి బుడగ అన్న మాట పట్టుకున్నాను.

గొర్రెలు కాసినవాళ్లకు ఆ మాట ఎట్లా వినబడుతుందో నీకు తెలియదు. మందలో అప్పుడప్పుడు ఒక గొర్రె తల వాల్చి, ఒకే పక్కకు గిర్రున తిరుగుతుంది. మేత మేయదు, మందతో నడవదు. కొన్నాళ్లకు పడిపోతుంది. కోసి చూస్తే మెదడులో నీటి తిత్తి, దానిలో నూకల్లాంటి తెల్ల చుక్కలు. పదేళ్ల వయసు నుంచి అట్లాంటివి ఎన్నో చూశాను. మనవాళ్లకు తెలిసిన మందు నుదుటి మీద వాత. దానితో బతికిన గొర్రెను నేనైతే చూడలేదు. అయినా పెడుతూనే ఉన్నాం.

ఇంటికి రాగానే, ఇక నావల్ల కాదు అని మందను మేళ్లచెరువులో ఉన్న మా తమ్ముడి దగ్గరికి తోలించేశాను. ఎందుకని అడిగితే చెప్పలేదు. నాలుగో రోజు, మీ నాన్న లారీ తోలే పనికి పోయాక, పిచ్చయ్యను పిలిచి నాకు వాత పెట్టమన్నాను. వాడు వద్దని ఏడ్చాడు. కానీ వాడు నా మాట ఎన్నడూ దాటలేదు. కళ్లు తుడుచుకుంటూనే కడ్డీని పొయ్యిలో పెట్టాడు.

మంద ఎందుకు పోయిందో కనుక్కుందామని సరిగ్గా అప్పుడే వచ్చింది రాహేలమ్మ. పొయ్యిని చూసింది, వాత కోసమని పసుపు రాసుకున్న నా నుదురు చూసింది. ఏమైందో అడిగి, చివరి దాకా విన్నది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, వచ్చి మంచం మీద నా పక్కన కూర్చుంది.

“గొర్రె ఎటు తిరుగుతది లింగక్కా?”

“బుడగ ఏ పక్కనుంటె ఆ పక్కకు.”

“మరి నువ్వెటు తిరుగుతున్నవ్?”

తల అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. “నేను తిరుగుతలేను.”

“మేత మేస్తున్నవా?”

“పొద్దున రెండు రొట్టెలు తిన్న.”

“పిచ్చయ్యా, ఆ కడ్డీ తీసి నీళ్లల్ల ముంచు. మీ వదినె గొర్రె కాదు.”

కడ్డీ సుయ్యిమన్నది. ఏడుస్తున్న పిచ్చయ్య నవ్వేశాడు. ఆమె స్కానింగ్ కాగితం తెప్పించుకుని చదివింది. తనకు అర్థమైందని తెలుస్తూనే ఉంది, అయినా నాకు చెప్పలేదు. తాను నర్సునే గాని డాక్టరును కాదని, చెప్పాల్సిన మనిషి నోటితోనే చెప్పిస్తానని అన్నది. తెల్లారి మొదటి బస్సుకే సూర్యాపేట తీసుకుపోయింది.

అక్కడ మెదడు డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి ఓపికగా చెప్పాడు. అందరి మెదడు చుట్టూ నీళ్లుంటాయట. నాకు పైపొర మడతలో ఒకచోట కొంచెం నీళ్లు నిలిచాయట, బహుశా పుట్టినప్పటి నుంచే. గొర్రెల సంగతి అడిగితే ఆయన నవ్వలేదు. అది కుక్కల నుంచి వచ్చే పురుగు తిత్తి, స్కానింగులో వేరే తీరుగా ఉంటుంది, నీది అది కాదన్నాడు. ఇట్లాంటివి చాలామందికి ఉన్న సంగతే తెలియదట, ఏదో దెబ్బకు స్కానింగ్ తీస్తేనే బయటపడతాయట. మందు లేదు, ఆపరేషన్ లేదన్నాడు. రోజురోజుకూ పెరిగే తలనొప్పి, ఆగని వాంతులు, ఫిట్స్, చూపు మసకబారడం, కాలో చెయ్యో పట్టుతప్పడం, వీటిలో ఏది వచ్చినా వెంటనే రమ్మన్నాడు. ఏమీ రాకపోయినా ఏడాది తిరిగాక ఇంకోసారి స్కానింగ్ చూద్దామన్నాడు.

నేను లేవబోయాను. రాహేలమ్మ నా భుజం పట్టి కూర్చోబెట్టింది. “సారు చెప్పింది నీ మాటలల్ల చెప్పు లింగక్కా.”

“పురుగు కాదన్నడు. కని మందు లేదన్నడు. ఇగ చేసేదేముంది సిస్టరమ్మా, ఎన్ని రోజులుంటె అన్ని రోజులు.”

డాక్టరు కలం పక్కన పెట్టేశాడు. అంతసేపూ విని నేను మూట కట్టుకున్నది నా చావునే. రాహేలమ్మ చెప్పించకపోతే దాన్నే ఇంటికి మోసుకొచ్చేదాన్ని.

“మందు అక్కర పడదన్నడక్కా. మీ మందల మంచిగున్న గొర్రెకు మందేస్తవా?”

వెయ్యనన్నాను. మళ్లీ చెప్పమంది. మూడోసారికి తప్పు లేకుండా చెప్పాను. బయటికి రాగానే ఆమె ఫోనుతోనే మా తమ్ముడికి ఫోన్ చేసి మందను మళ్లించమన్నాను.

ఏడాది తిరిగేసరికి రాహేలమ్మ లేదు, గుండెపోటుతో పోయింది. రెండో స్కానింగుకు మీ నాన్న వస్తానన్నా వినకుండా నేనొక్కదాన్నే సూర్యాపేట పోయాను. బుడగ అంతే ఉంది, వెంట్రుక వాసి కూడా పెరగలేదన్నాడు అదే డాక్టరు. ఇంకా ఏదో చెప్పబోతుంటే జర ఆగుమన్నాను. ఆ బుడగ ఏమిటో, ఏది కాదో, ఎందుకు మందు అక్కర లేదో, ఏమొస్తే ఉరికి రావాలో మొత్తం చెప్పి, తప్పుంటే దిద్దుమన్నాను. దిద్దడానికి ఏమీ లేదన్నాడాయన. ఎంతవరకు చదువుకున్నావమ్మా అని అడిగాడు.

“బడికి పోలే సారూ. గీ కుర్చీలనే రాహేలమ్మ కూసోవెట్టి నేర్పింది.”

ఆయన తలెత్తి, నా పక్కన పోయినేడు రాహేలమ్మ నిలబడ్డ చోటు వైపు చూశాడు. నేను కూడా చూశాను. ఆమె లేదనుకుని వచ్చిన దిగులు కంటే, ఆమె పేరు చెప్పుకోగలిగానన్న గర్వమే నాకెక్కువగా అనిపించింది. ఇప్పటికీ అంతే.