నడిమికుంట గోడ

మా బావ పోయాడన్న కబురు ముదిగుబ్బలో టీ బంకు దగ్గర తెలిసింది. మా ఊరి బస్సు దిగిన గొర్రెల బేరగాడు చెప్పాడు. విని నేను నవ్వాను. బతికున్నవాళ్ళను చంపి కబురు పంపే అలవాటు మా ఊళ్ళో నాదే మరి. ఒకసారి బావకే ఆయన మేనమామ పోయాడని చెప్పి మూడు కోసులు నడిపించాను. ఏడ్చుకుంటూ పోయి చూస్తే ఆ ముసలాయన గడప మీద కూర్చుని సంగటి తింటున్నాడట. ఇప్పుడు నా వంతు వచ్చిందనుకున్నాను.

బేరగాడు నవ్వలేదు. "లేదన్నా. ఆదివారం వానకు తడిసినాడు, జరమొచ్చింది. నిన్న తెల్లారి పోయినాడు. సాయంత్రమే మట్టి చేసినారు" అన్నాడు. నేను ఇంకా పళ్ళు బయటపెట్టుకునే ఉన్నాను.

ఆయన మా అక్క మొగుడు. మా ఊరి చెరువుకు నీరుగంటి. చెరువు నీళ్ళు ఎవరి మడికి ఎంతసేపు వదలాలో చూసే పని. మా సీమలో చెరువు నిండేదే ఏ మూడేళ్ళకో ఒకసారి కాబట్టి అంత సుఖమైన ఉద్యోగం కలెక్టరుకు కూడా ఉండదని నేను అంటుండేవాణ్ణి. ఆయన అసలు పని ఊళ్ళో కాదు, గుట్ట మీద.

మా ఊరి వెనక గుట్ట, దాని మీద కోట. కోట అనగానే సినిమాలో చూసినట్టు ఊహించుకోకండి. తలుపుల్లేని వాకిలి, సగం కూలిన గోడలు, సీతాఫలం చెట్లు, వాటి కింద పాములు. పైన బండలో ఒక గుండం ఉంది. గుండం నిండితే కింద నడిమికుంటకు పారుతుంది. నడిమికుంట నిండితే మా చెరువుకు దిగుతుంది. నడిమికుంటకు వేరే కట్టంటూ లేదు. లోపలి వైపు మట్టి, బయటి వైపు రాయి పేర్చిన కోట గోడే దాని కట్ట.

చెరువు కట్ట మీద నుంచి శనక్కాయ చేలల్లో పడి, బండలో తొలిచిన మెట్లెక్కి, కోట వాకిలి దాటి, కుంట చూసి, గుండం చూసి దిగిరావడానికి మంచి కాళ్ళున్నవాడికి రెండు గంటలు పడుతుంది. మా బావ రోజూ తెల్లవారగానే ఆ దారి పట్టేవాడు. పండగైనా అంతే, ఇంట్లో చుట్టాలున్నా అంతే. భుజాన గోనెసంచిలో బంకమట్టి, చేతిలో మచ్చుకత్తి. ఎండ్రకాయలూ ఎలుకలూ తవ్విన బొక్కల్లో మట్టి కూరి మడమతో తొక్కేవాడు. దారికి అడ్డం వచ్చిన కంప నరికేవాడు. ఎందుకింత అవస్థ అంటే, "నడిస్తేనే దారప్పా, నడవకుంటే కంపే" అనేవాడు. నేనూ అప్పుడప్పుడు వెంట పోయేవాణ్ణి. పని చేయడానికి కాదు, సీతాఫలాల కోసం, ఏడిపించడానికి ఒక మనిషి దొరుకుతాడని.

ఒకసారి బెంగుళూరు నుంచి కాలేజీ పిల్లలు వీపున సంచులు కట్టుకుని కోటలు చూస్తూ నడుచుకుంటూ వచ్చారు. బావ దారి చూపించాడు. ఈ కోట ఏ రాజు కట్టించాడని వాళ్ళు అడిగారు. "రాజు పేరు నాకు తెల్దు సామీ. గోడ కట్టినోడు మాత్రం నీళ్ళు తెలిసినోడు" అన్నాడు. ఈ ముక్కకు వాళ్ళ మొహాలు వాడిపోయాయి. పాపం అంత దూరం నడిచి వచ్చారు కదా అని నేను అందుకుని, రాజుకు ఏడుగురు పెళ్ళాలనీ, నడిమికుంటలో రోజుకొకరు స్నానం చేసేవారనీ, ఏడో ఆమె మునిగిపోయిందనీ చెప్పాను. పుస్తకాల్లో రాసుకున్నారు. దిగేటప్పుడు బావ నన్ను తిట్టలేదు. "అంత లోతు ఏనాడూ లేదు కదప్పా ఆ కుంట" అని బాధపడ్డాడు.

ఆ తర్వాత కరువు వచ్చింది. ఒకటో ఏడు చెరువు ఎండింది. రెండో ఏడు నడిమికుంట నెర్రెలిచ్చి, మేకలు అందులో పడుకున్నాయి. మూడో ఏడు సర్కారు కరువు పని పెట్టింది. మా ఊరి నుంచి పెద్ద రోడ్డుకు దారి వేయాలి. కంకర కొట్టి కుప్ప పోస్తే ఆ కుప్పను బట్టి గోధుమలు ఇస్తారు. రాయి ఆవలి గుట్ట నుంచి నెత్తి మీద మోసుకు రావాలి. మా అక్కకు ఆ ఏడు ఒళ్ళు బాగుండేది కాదు. సగం దారిలో రాయి దించి కూలబడేది. మళ్ళీ ఎత్తిపెట్టడానికి ఎవరో ఒకరు వచ్చేదాకా అక్కడే కూర్చునేది.

చెక్కిన రాయి కోట గోడలో ఉండగా అంత దూరం ఎందుకని పని మేస్త్రి అడిగాడు. అందరికీ అదే మనసులో ఉంది. మరుసటి రోజు గడ్డపారలు పట్టుకుని నడిమికుంట దగ్గరకు ఎక్కాం. బావ అప్పటికే గోడ ముందర నిలబడి ఉన్నాడు. "ఇది గోడ కాదప్పా, కట్ట. రాయి తీస్తే కుంట పోతాది" అన్నాడు. ఏ కుంట అని ఎవరో అడిగారు. జనం గొణుగుతున్నారేగాని ముందుకు పోవడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

అప్పుడు నేను నోరు తెరిచాను. "మా బావకు నీళ్ళు లేకున్నా కట్ట కావల్ల. రేపు మా అక్క సచ్చిపోయినా గుడక ఇట్లే ఇంటి ముందర కావలి నిలబడతాడు."

అందరూ నవ్వారు. మూడు నెలల్లో అంత నవ్వు నేను వినలేదు. అక్క కూడా నవ్వింది. నవ్వుతూ దగ్గింది. ఆ దగ్గు ఆగలేదు. బావ ఆమె వైపు చూస్తూ నిలబడి, పక్కకు తప్పుకున్నాడు.

"పైనుంచి తీసుకోండి. కింది వరస మాత్రం ముట్టొద్దండి, మీకు మొక్కుతా" అన్నాడు.

ఊరు ఆ మాట నిలబెట్టింది. నేనే నిలబెట్టలేదు. ఒక రోజు అక్క జ్వరంతో లేవలేకపోయింది. సాయంత్రం కుప్పలు కొలుస్తారు, ఆమె కుప్ప సగం కూడా లేదు. బావ మందు కోసం కదిరి పోయాడు. పై వరసల్లో చేతికందే రాళ్ళు అయిపోయాయి. సీతాఫలం చెట్లు మూసిన మూలలో కింది వరస నుంచి నాలుగు రాళ్ళు పెళ్ళగించి దొర్లించాను. నాలుగే. పగలగొట్టి అక్క కుప్ప నింపాను. ఆ రాత్రి వాళ్ళింట్లో పొయ్యి వెలిగింది. బావ కళ్ళు కప్పానని లోపల్లోపల నవ్వుకున్నాను కూడా.

ఇరవై రోజులకు వాన వచ్చింది. మిట్టమధ్యాహ్నం మొదలై కుండలతో కుమ్మరించింది. ఊరంతా వీధిలో నోళ్ళు తెరుచుకుని నిలబడితే బావ గుట్ట దారి పట్టాడు. నేనూ వెనకే ఎక్కాను. గుండం నిండి నడిమికుంటలోకి దూకుతోంది. ఎర్రటి నీళ్ళు, పైన మేక పెంటికలు తేలుతున్నాయి. మోకాలి లోతుకు వచ్చాయి, నడుముకు వచ్చాయి. ఊరికీ గొర్రెలకూ ఏడాదికి సరిపడా తాగే నీళ్ళు. బావ నా భుజం పట్టుకుని చూడు, చూడు అని నవ్వాడు.

అప్పుడు ఆ మూల నుంచి గుడ్డ చించినట్టు చప్పుడు వచ్చింది. బావ పరుగెత్తాడు. సంచిలోని మట్టి తీసి ఆ సందులో కూరాడు. తలపాగా కూరాడు. చివరకు తనే ఆ సందులో వీపు ఆనించి కూర్చున్నాడు. నేను రాళ్ళు దొర్లించాను. మట్టి కింద నుంచి పేడలాగా జారిపోతోంది. ఆయన చెయ్యి పట్టి ఇవతలకు లాగానో లేదో, గోడ బారెడు మేర కూలింది. నీళ్ళు చెరువు వైపు పోలేదు. గుట్ట అవతల వంకలో పడి ఇసకలో ఇంకిపోయాయి. దీపాల వేళకు కుంటలో బురద మిగిలింది.

ఆయన కూలినచోట కింది వరస చూశాడు. నన్ను చూశాడు. అడుగుతాడని ఎదురుచూశాను. తలపాగా పిండుకుని, "పోదాం పాప్పా, మీ అక్క ఒక్కతే ఉండాది" అన్నాడు.

ఆ ఏడు మళ్ళీ వాన లేదు. చెరువులో చెలమలు తోడి ఆ బురద నీళ్ళే తాగాం. ఎండాకాలంలో వాంతులు, బేదులు పట్టుకున్నాయి. నలుగురు పోయారు. వాళ్ళలో మా అక్క ఒకతి. ఊరు సగం గొర్రెలు తోలుకుని వలసపోయింది. నేను ముదిగుబ్బ చేరాను. బావ మాత్రం కదల్లేదు. వాళ్ళకు ఉన్న ఒక్క కూతురు గోరంట్లలో కాపురం, రమ్మని ఏడ్చినా పోలేదు. పదేళ్ళు ఒక్కడే ఆ దారిలో ఎక్కి దిగుతూ, దొరికిన రాయి దొరికినట్టు మోసుకుపోయి గోడ పేర్చాడు.

నేను ఎప్పుడు పోయినా ఆయన బీడీ మీద, బట్టతల మీద, వంట మీద వేళాకోళం ఆడేవాణ్ణి. గోడ మాట ఎత్తేవాణ్ణి కాదు. పోయినేడు ఇద్దరం పదేసి మెట్లకు ఒకసారి కూర్చుంటూ పైకెక్కాం. ఆయన మట్టి పిసుకుతున్నాడు. నాకు ఎందుకో ఆ రోజు ఆగలేదు.

"కింది వరస తీసింది నేను, బావా."

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"ఆ పొద్దే. మీ అక్క కుప్పలో కంకర ఒక పక్క నల్లగా ఉన్నింది. మట్టికి ఆనుకున్న రాయి అట్లే ఉంటాది."

మరి నన్ను ఎందుకు అడగలేదన్నాను. ఆయన చేతులు ఆపాడు.

"ఏమని అడగల్ల? ఆ గోధుమలు నేను గుడక తింటిని. ఇరవై దినాలు ఆ సందు పక్కనే నడిస్తిని, బుజాన మట్టి పెట్టుకొని. పూడిస్తే ఒక పూట పని. వాన యాడొస్తాదిలే అనుకుంటి."

నేను వంగి ఇంకో మట్టి ముద్ద ఆయన చేతికి అందించాను.

పెద్దకర్మకు ఊరికి పోయాను. పక్కింటామె చెప్పింది. ఆదివారం వాన పడుతున్నంతసేపూ ఆయన గోడ దగ్గరే కూర్చున్నాడట. దిగివచ్చాక నీళ్ళు నిలిచినాయా అని ఆమె అడిగితే, "నిలిచినాయి. ఒకచోట కొంచెం కారుతాంది, రేపు సూస్తా" అన్నాడట.

భోజనాలయ్యాక నేనొక్కణ్ణే పైకెక్కాను. కుంటలో మోకాలి లోతు నీళ్ళున్నాయి. గోడ బయటి వైపుకు తిరిగి చూస్తే, ఆయన పేర్చిన కింది వరసలో రెండు రాళ్ళ నడుమ నుంచి నీళ్ళు దారంలాగా కారుతున్నాయి. కింద ఇసక తడిసి నల్లబడింది. దాన్ని ఎలా ఆపాలో నాకు తెలియదు. ఎన్నిసార్లు వెంట తిరిగినా నేర్చుకోలేదు. అరచెయ్యి అడ్డం పెట్టాను. చల్లగా తగిలి, కాసేపు ఆగినట్టే ఆగి, వేళ్ళ సందుల్లోంచి వచ్చింది.