లేవడం నేర్పిన డ్రిల్లు టీచరు

మా డ్రిల్లు టీచరుగారు పోయారన్న కబురు మాకు మసీదు మైకులో తెలిసింది. పొద్దున్నే, నేను పాఠాలు చెప్పే బడికి బాక్సు సర్దుకుంటున్నాను. "మన డ్రిల్లు టీచరుగారు తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూశారు. సాయంత్రం నాలుగింటికి అందరూ చర్చి దగ్గరికి రావాలని మనవి" అని మసీదు పెద్ద సాహెబుగారి గొంతు వినిపించింది. చర్చికి వెళ్ళే మనిషి చావుకబురు మసీదు మైకులో రావడం మా ఊళ్ళో అదే మొదలు. అయినా దాన్ని వింతగా చెప్పుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

మా అత్తయ్యకు సరిగ్గా వినపడక, కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "పడిపోయిందా ఏంటి?" అని అడిగింది.

"లేదత్తయ్యా. నిద్రలోనే పోయారట."

"అదీ!" అంది అత్తయ్య, ఎవరో పరీక్ష పాసయ్యారని విన్నట్టు. ఆ తర్వాతే ఏడ్చింది.

ఆవిడ మా హైస్కూల్లో ఆడపిల్లలకు ఆటలు నేర్పిన టీచరు. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, కాళ్ళకు తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని మాతో ఖోఖో ఆడేవారు. నేను ఆటల్లో ఎందుకూ పనికొచ్చేదాన్ని కాదు. పరుగెత్తితే పడటమే. పడ్డవాళ్ళకు ఆవిడ చెయ్యిచ్చేవారు కాదు. పక్కన నిలబడి "లే" అనేవారు. అంతే. అప్పట్లో ఆవిడంటే మాకు భయం. భర్త చిన్న వయసులోనే పోతే ఒంటరిగా బతికారనీ, రిటైరయ్యాక కూడా చర్చి వెనక ఆ రెండు గదుల ఇంట్లో తన పనులన్నీ తానే చేసుకునేవారనీ మాత్రం అందరికీ తెలుసు.

రిటైరైన కొన్నేళ్ళకు ఒక మిరపకోతల రోజున, ఆవిడ పెరట్లో బట్టలుతికే బండ దగ్గర జారిపడ్డారు. ఊరంతా చేలల్లో ఉంది. ఎంత పిలిచినా పలికే మనిషి లేదు. మధ్యాహ్నం ఎండ ముఖం మీదికి వచ్చేదాకా అలాగే పడి ఉండి, చివరికి పక్కకు ఒత్తిగిల్లి, మోచేతుల మీద పాకి, వంటింటి మెట్టు పట్టుకుని లేచారట. మణికట్టు విరిగింది. గుంటూరు బ్రాడీపేటలో ఎముకల డాక్టరు దగ్గర కట్టు కట్టించుకుని వచ్చాక చూడబోయాం. నొప్పి గురించి ఒక్క మాట లేదు.

"నలభై ఏళ్ళు పిల్లలకి ఎగరటం నేర్పాను, దూకటం నేర్పాను" అన్నారు. "పడితే 'లే' అని అరిచాను గానీ, ఎలా లేవాలో ఒక్కరికీ చెప్పలేదమ్మా. నాకే తెలీదు. మొన్న నేల మీద పడుకుని నేర్చుకున్నాను."

కట్టు విప్పకముందే, పడితే ఎలా లేవాలో ముసలివాళ్ళకు నేర్పే పని మొదలుపెట్టారు. పాస్టరుగారిని అడిగితే సోమవారం, గురువారం పొద్దున చర్చి హాలు ఇస్తామన్నారు. ఆరోగ్య కేంద్రం నర్సమ్మ వచ్చి అందరికీ బీపీ చూసి, ఆపరేషన్లైనవాళ్ళనీ ఎముకలు బలహీనమైనవాళ్ళనీ కుర్చీల్లోనే ఉంచేది. మసీదు వీధి ముసలమ్మలు మాత్రం చర్చి గుమ్మం దాకా వచ్చి మొహమాటంగా నిలబడిపోయారు. అప్పుడు సాహెబుగారు మందపాటి జంపఖానాలు రెండు ఆటోలో వేయించుకుని వచ్చారు.

"హాలు మీది, జంపఖానాలు మావి" అన్నారు పాస్టరుగారితో. "పడేది అందరం కదండీ, రండి లోపలికి" అని ముసలమ్మలను పిలిచారు. ముందు ఆయనే పడుకున్నారు. ఆ పెద్దమనిషి గడ్డం పైకి చేసి నేల మీద వెల్లకిలా ఉండటం చూసి నవ్వుకుంటూ అందరూ లోపలికి వచ్చారు.

గేట్లు చేసే వెల్డింగు షాపతన్ని కూడా టీచరుగారే పట్టుకొచ్చారు. మిగిలిన పైపు ముక్కలతో ముసలివాళ్ళ స్నానాల గదుల్లో పట్టుకోవడానికి కడ్డీలు బిగించాలి. అతను టేపుతో కొలిచి గుర్తు పెట్టబోతే ఆపేవారు. "కంటికి బాగుండే ఎత్తు కాదయ్యా, ఆవిడ చేతికందే ఎత్తు కావాలి. చెయ్యి చాపమను, అక్కడ గీత గియ్యి" అనేవారు. అందుకే మా ఊళ్ళో ఏ రెండిళ్ళ కడ్డీలూ ఒకే ఎత్తులో ఉండవు.

ఇదంతా నేను దూరం నుంచే చూశాను. మా అత్తయ్యను అక్కడికి పంపలేదు.

కారణం చెప్పాలి. ఆ ముందు ఏడాది అత్తయ్య వసారాలో జారిపడింది. ఏమీ విరగలేదు గానీ నేను హడలిపోయాను. ఆ రోజు నుంచి ఆమెను మంచం దిగనివ్వలేదు. నీళ్ళు నేనే పోసేదాన్ని, జడ నేనే వేసేదాన్ని, అన్నం కలిపి చేతికిచ్చేదాన్ని. బడికి వెళ్తూ వీధి తలుపుకు బయట గడియ పెట్టేదాన్ని. అలాంటి కోడలు ఎక్కడా ఉండదని అందరూ అనేవారు. మిరప కల్లంలో రోజుకు అంత రాశి ముందేసుకుని తాలుకాయలు ఏరిన మనిషి, గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది.

ఒక ఆదివారం టీచరుగారు మా ఇంటికొచ్చారు. అత్తయ్య కాళ్ళు తడిమి చూసి నావైపు తిరిగారు.

"ఈ కాళ్ళు చిక్కిపోతున్నాయి. నువ్వు ఆవిణ్ణి ప్రేమతో మంచాన పడేస్తున్నావమ్మా."

నాకు కోపం వచ్చింది. "మీకేం టీచరుగారూ, చెప్పి వెళ్ళిపోతారు. ఆవిడ మళ్ళీ పడితే ఊరంతా నన్నే అంటారు" అన్నాను. నా భయం అత్తయ్య పడుతుందని కాదు, నాకు మాట వస్తుందని. ఆ సంగతి నోటితో అన్నాకే నాకూ తెలిసింది.

ఆవిడ బూట్లు విప్పి, డెబ్భై దాటిన మనిషి, మా గచ్చు మీద వెల్లకిలా పడుకున్నారు. "చూడండి వదినగారూ" అన్నారు అత్తయ్యతో. "ముందు ఊపిరి. తర్వాత ఒళ్ళు. ఆ తర్వాతే అరుపు. ఊపిరి తీసుకుని, ఎక్కడైనా విరిగిందేమో చూసుకోవాలి. విరిగితే కదలొద్దు, అరవండి. లేదనుకుంటే ఇలా పక్కకి తిరగాలి." ఒత్తిగిల్లారు. మోచెయ్యి, అరచేతులు, మోకాళ్ళు. కుర్చీ దాకా పాకి, దాని మీద చేతులానించి, ఒక పాదం నేలకు మోపి, లేచి అందులో కూర్చున్నారు. ఆయాసపడ్డారు.

"మీకేం కావాలి వదినగారూ?" అని అడిగారు.

నేను ఏడాదిగా అడగని మాట అది. అత్తయ్య "నా నీళ్ళు నేను పోసుకోవాలి" అంది. ఆ వెంటనే, "నా కాఫీ నేను కలుపుకోవాలి. ఈ పిల్ల చక్కెర ఎక్కువేస్తది" అంది.

కొన్ని వారాలు కుర్చీలోంచి లేచి కూర్చోవడమే సరిపోయింది. తర్వాత ఒక గురువారం అత్తయ్య జంపఖానా మీద పడుకుంది. నేను సెలవు పెట్టి వెళ్ళాను. ఆమె పక్కకు తిరగడానికి అవస్థపడుతుంటే నా చేతులు వాటంతటవే ముందుకు వెళ్ళాయి.

"చేతులు వెనక్కి కట్టుకో" అన్నారు టీచరుగారు. బళ్ళో గొంతు అది. నలభై ఆరేళ్ళ వయసులో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

అత్తయ్య మోచేతి మీదికి వచ్చింది, మళ్ళీ జారింది. ఊపిరి తీసుకుంది. మళ్ళీ వచ్చింది. మోకాళ్ళు మడిచింది. కుర్చీ అంచు పట్టుకుని ఒక పాదం మోపింది. ఆ పాదం వణకడం నాకు కనిపిస్తూనే ఉంది. తర్వాత లేచి కూర్చుంది. ఎవరో చప్పట్లు కొట్టబోతే చెయ్యెత్తి ఆపింది. "ఉండండర్రా. ఇంకోసారి పడుకుంటా" అంది. డెబ్భై ఆరేళ్ళ మనిషి ముఖంలో అంత సంబరం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

టీచరుగారు పెద్దవాళ్ళను జతలుగా విడదీశారు. పొద్దున తొమ్మిదిలోపు జతలో ఒకరు రెండోవారిని పలకరించాలి. పలకకపోతే తలుపు తీసి చూడాలి. అత్తయ్యకు జత మసీదు వీధి బీబమ్మ. నేను బయట గడియ పెట్టడం మానేశాను. మానిన మొదటి నెలంతా బళ్ళో పాఠం చెబుతున్నా మనసు ఇంటి దగ్గరే ఉండేది.

ఒక సాయంత్రం అన్నం తింటూ అత్తయ్య మామూలుగా అంది: "అమ్మాయ్, పొద్దున పడ్డానే."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. "ఏమైందత్తయ్యా? ఎవరు లేపారు?"

"ఎవరు లేపటమేంటి? లేచా. బీబమ్మ వచ్చేసరికి కాఫీ కూడా కలిపా. పచ్చడి ఇటు జరుపు."

మరునాడు వెళ్ళి టీచరుగారికి చెబితే, ఆవిడ చదువుతున్న పుస్తకం మూశారు. "మంచిది" అన్నారు. ఆవిడ నోట అంతకన్నా పెద్ద మెప్పు నేనెన్నడూ వినలేదు.

ఈ చలికాలంలో ఆవిడ గుండె బలహీనపడింది. అన్ని పనులూ తానే చేసుకున్న మనిషి, ఒకరి చేత నీళ్ళు పోయించుకోవడానికి ఒప్పుకుంటారా అని భయపడ్డాం. ఒప్పుకున్నారు. హాల్లో నేర్చుకున్న ముసలమ్మలే వంతులు వేసుకుని వెళ్ళేవారు. "చెయ్యగలిగినన్నాళ్ళు మనం చేసుకోవాలి. చెయ్యలేనప్పుడు అడగాలి. ఈ రెండోది నాకు కష్టమైన డ్రిల్లు" అన్నారు నాతో. గ్లాసు మాత్రం చివరిదాకా తానే పట్టుకున్నారు.

సాయంత్రం సమాధుల తోట దగ్గర అందరూ మట్టి వేశాక, నేను ఆటో పిలవబోయాను. అత్తయ్య వద్దంది. బీబమ్మ చెయ్యి పట్టుకుని కల్లాల మధ్య దారిలో నడక మొదలుపెట్టింది. రెండువైపులా ఆరబోసిన మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. ఇద్దరూ దారి మధ్యలో, నాలుగడుగులకోసారి ఆగుతూ, ఏదో చెప్పుకుంటూ వెళ్తున్నారు. నేను కొంచెం దూరంగా వెనక నడిచాను. నా వెనక మిరపకాయల టిక్కీ బస్తాలు వేసుకున్న ట్రాక్టరు ఒకటి వచ్చింది. డ్రైవరు హారను కొట్టలేదు. ముందున్నది ఎవరో చూసి ఇంజను ఆపేశాడు. దాని వెనక మరో ట్రాక్టరు, రెండు మోటారు సైకిళ్ళు, కూలీలతో నిండిన ఆటో ఆగాయి. ఎవరూ తొందరపెట్టలేదు. ఘాటెక్కిన గాలిలో ఆ ఇద్దరూ కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మా అందరి ముందూ మెల్లగా ఊళ్ళోకి నడుస్తున్నారు.