కాలేజీగాడి ఊపిరి

ఆ రోజుల్లో వారంలో ఆరు రోజులు కులంబర్‌వి, ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే మాది. కులంబర్ అంటే చెరుకు తోటలో గుర్రమెక్కి మా మీద పెత్తనం చేసే తెల్లదొర. (ఆదివారం పొద్దున్న కూడా మాదే అనాలి గాని, అది బట్టలు ఉతుక్కోవడానికీ, పేలు చూసుకోవడానికీ పోయేది.) గిర్మిట్ అనే ఐదేళ్ళ కూలి ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసి, ఓడెక్కి సముద్రాల అవతల ఈ సబేటో లోయలో వచ్చిపడ్డ మేం, ఆ సగం రోజు కోసం మిగతా ఆరున్నర రోజులూ బతికేవాళ్ళం. మేముండే వరస గదుల, అంటే కూలి లైన్ల, వెనక గడ్డి చెక్కి, కొడవలి మొనతో గీత గీసి చెడుగుడు ఆడేవాళ్ళం. ఆడేవాళ్ళం అంటున్నాను గాని నేను ఆడేవాణ్ణి కాదు. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. ఒంట్లో లేని బలమంతా నోట్లో ఉండేది. అందుకని గీత పక్కన నిలబడి, ఆడేవాళ్ళ తప్పులు వాళ్ళకి గట్టిగా చెప్పే పని నాకు నేనే ఇచ్చుకున్నాను. తర్వాత జీవితంలో ఏ పనీ అంత శ్రద్ధగా చేయలేదు.

రెండో ఏడు మా లైన్లలోకి విశాఖపట్నం వైపు నుంచి ఒక కొత్త మనిషి వచ్చాడు. చిక్కుడు పాదుకి పాతిన కర్రలా ఉండేవాడు. అన్నం తిన్నా తినకపోయినా ఒకేలా కనిపించేవాడు. "చెడుగుడు వచ్చా?" అని అడిగితే, "మా కాలేజీలో ఆడీవోణ్ణన్నా" అన్నాడు. కాలేజీ అనేసరికి మేమంతా లేచి నిలబడ్డంత పనిచేశాం. మాలో అక్షరం ముక్క వచ్చినవాడే లేడు. కాసేపు పోయాక అసలు సంగతి తెలిసింది. ఆయనగారు కాలేజీలో మొక్కలకి నీళ్ళు పోసే పనిలో ఉండేవాడట. "ఆటకి ఒకడు తగ్గితే నన్ను పిలిసీవోరు. బాబులు అలిసిపోయినాక నన్ను పంపీవోరు" అని దాపరికం లేకుండా చెప్పాడు. ఆ క్షణం నుంచి అతని పేరు కాలేజీ అయిపోయింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదటి ఆదివారం కూతకి వెళ్ళాడు. అవతలి వాళ్ళ మధ్యకి పెళ్ళిపందిట్లోకి వెళ్ళినట్టు మర్యాదగా వెళ్ళి, ఒకణ్ణి వేలితో ముట్టుకుని, ఏమనుకుంటాడో అన్నట్టు ఒక చూపు చూశాడు. నలుగురు కలిసి మడతపెట్టేశారు. నాకు పండగైపోయింది. "కాలేజీ, గీత అటు కాదురా, ఇటు." "కాలేజీ, వెళ్ళినవాడివి ఉత్తరమైనా రాయరా." ప్రతి ఆదివారం ఒక కొత్త మాట తయారు చేసుకుని వచ్చేవాణ్ణి. వారమంతా గడ్డపార వేస్తూ వాటికి పదును పెట్టుకునేవాణ్ణి. నా మాటలకి లైన్లన్నీ నవ్వేవి. నవ్వనిది ఒక్క రాజోలు అక్క. ఆమె కలుపు తీసే ఆడవాళ్ళ ముఠాకి పెద్ద. మాతో పాటే ఓడలో వచ్చింది కనుక మా అందరికీ అక్కే. "నువ్వు వాడి నోరు చూస్తున్నావు తమ్ముడూ, కాళ్ళు చూడు. ఒక్కసారైనా తడబడ్డాడా?" అంది. ఆడవాళ్ళకి చెడుగుడు గురించి ఏం తెలుసని నేను ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. (ఆ ఉపన్యాసంలో ఒక్క ముక్క కూడా ఇప్పుడు ఇక్కడ రాయలేను. ఇంట్లో మనవరాళ్ళున్నారు.)

కొన్నాళ్ళకి తోటలో ఒక వింత మొదలైంది. కాలేజీ చెరుకు వరస పట్టుకుని పార వేస్తూ ఏదో గొణుగుతుండేవాడు. దగ్గరికెళ్ళి వింటే "చెడుగుడు చెడుగుడు చెడుగుడు". మొదట నాలుగు దుబ్బుల దాకా ఒక ఊపిరి. నెల తిరిగేసరికి పది దుబ్బులు. చలికాలానికి సగం వరస. ఒకరోజు కులంబర్ చెవిన పడింది. తననే తిడుతున్నాడనో, చేతబడి చేస్తున్నాడనో అనుమానం వచ్చి గుర్రం ఆపాడు. కూలీల మేస్త్రీ సర్దారుని పిలిచి అడిగాడు. మా సర్దారు హిందుస్థానీ మనిషి, మనసు మంచిది. "భజన్ కర్తా హై సాబ్, పూజా" అని చేతులు జోడించాడు. దొర కాసేపు చూశాడు. పార ఆగలేదు, గొణుగుడూ ఆగలేదు. ఏమనుకున్నాడో, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఈ ఉపాయం బాగుందని మర్నాడు నేను కూడా భజన మొదలుపెట్టాను. తేడా ఏమిటంటే నేను పార పక్కన పెట్టి మొదలుపెట్టాను. నా భజనకి కులంబర్ ఇచ్చిన ప్రసాదం వీపు మీద వారం రోజులుంది.

ఇంతలో తాజియా వచ్చింది. మన వైపు పీర్ల పండగ అంటామే, అదే. ఆ రోజు హిందువులు, ముస్లింలు అని లేదు, చుట్టుపక్కల తోటల వాళ్ళందరికీ సెలవు. డప్పులు, కర్రసాము, కుస్తీ, ఆఖర్న మాకూ కొండవతలి లైన్ల వాళ్ళకీ చెడుగుడు. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ పెద్ద డప్పు మోసుకుని వాళ్ళ లైన్ల దాకా వెళ్ళి దింపి రావాలని కట్టుబాటు. వరసగా రెండేళ్ళు మేమే మోశాం. ఆడనివాణ్ణి కనుక నా భుజాలు అలిసిపోలేదని, మోత నాకే అప్పగించారు. దారి పొడుగునా వాళ్ళ ఆడపిల్లలు నవ్విన నవ్వు చాలు, మనిషి సముద్రంలో దూకడానికి. ఈసారి మా జట్టులో పెద్ద బలశాలి చలిజ్వరంతో పడుకున్నాడు. అతని చోట్లో కాలేజీని దింపారు. నేను రాజోలు అక్క దగ్గరికి వెళ్ళి, "నీ కాలేజీ గనక మనల్ని గెలిపిస్తే నెల్లాళ్ళు నీకు ఏటినుంచి నీళ్ళు మోస్తాను" అన్నాను. ఆమె చుట్టుపక్కల పది మందిని పిలిచి, "మళ్ళీ చెప్పు తమ్ముడూ, వీళ్ళకి వినపడలేదు" అంది. మళ్ళీ చెప్పాను.

ఆట సంగతి ఎందుకడుగుతారు, మావాళ్ళు ఒక్కొక్కరే బయటికి వచ్చి కూర్చున్నారు. చివరికి మా వైపు కాలేజీ ఒక్కడు. అవతల ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకడి పేరు ఇంజను, చెరుకు మిల్లు రైలింజను లాంటి మనిషి. నేను అప్పటికే డప్పు మోయడానికి తలపాగా విప్పి భుజాన మడతేసుకున్నాను. కాలేజీ కూతకి వెళ్ళాడు. తోటలో దుబ్బులు చూసుకుంటున్నట్టు నెమ్మదిగా అటూ ఇటూ తిరుగుతున్నాడు. వాళ్ళు తెలివైనవాళ్ళు, దగ్గరికి రాలేదు. ఊపిరి అయిపోయాక పట్టుకుందామని కాచుకున్నారు. అది అయిపోలేదు. కొంతసేపటికి నవ్వుకున్నారు. మరికొంతసేపటికి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. చివరికి ఓపిక పట్టలేక ముగ్గురూ ఒక్కసారి మీదపడ్డారు. ఒకడు నడుం పట్టుకున్నాడు, ఒకడు భుజం, ఇంజను రెండు కాళ్ళూ దొరకబుచ్చుకున్నాడు. కాలేజీ బోర్లా పడ్డాడు. చాచిన చేతికీ గీతకీ మధ్య జానెడు దూరం.

అక్కడే పడుకుని, మట్టిలో మొహం పెట్టుకుని, తొందర లేకుండా "చెడుగుడు చెడుగుడు" అంటూనే ఉన్నాడు. తీర్పు మా సర్దారుదీ, వాళ్ళ సర్దారుదీ. ఇద్దరూ నేల మీద మోకాళ్ళూని అతని నోటి దగ్గర చెవులు పెట్టారు. డప్పులవాళ్ళు డప్పులు ఆపేశారు. నేనూ అతనితో పాటు ఊపిరి బిగబట్టాను. (మధ్యలో మూడుసార్లు పీల్చుకున్నాను.) ఇంజనుకి భయం పట్టుకుంది. తన బరువు కింద మనిషి ఏమైపోయాడో అనుకున్నాడు పాపం. తల తిప్పి సర్దారుని అడిగాడు.

"ఇంకా అంటున్నాడా?"

ఆ అడగడంలో పట్టు వేలెడు సడలింది. కాలేజీ పాములా జరిగి గీత మీద చెయ్యి పెట్టాడు. పట్టుకున్న ముగ్గురూ ఔటు. ఆ తర్వాత నేను ఏం అరిచానో నాకు తెలియదు గాని మూడు రోజులు మాట రాలేదు. లైన్లలో చాలామంది దాన్ని ఆ పండగ తెచ్చిన రెండో శుభంగా లెక్కేశారు. డప్పు మాతో వచ్చింది, ఇంజనే మోసుకొచ్చాడు. మర్నాటి నుంచి నేను ఏటికి కుండ పట్టుకుని వెళ్ళాను. రాజోలు అక్క మొదటి వారం నీళ్ళు పారబోసి మళ్ళీ తెమ్మంది, అడుగున ఇసకుందని. రెండో వారం నుంచి ఒక రొట్టె చేతిలో పెట్టేది.

గిర్మిట్ తీరాక ఎవరి దారి వాళ్ళదైంది. కాలేజీ తవువా వైపు వెళ్ళి చెరుకు వేసుకున్నాడు. చాలా ఏళ్ళకి, మా పెద్దమ్మాయి పెళ్ళికి బస్సు దిగి వచ్చాడు. పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. ఓడల్లో వచ్చిన పాత జహాజీలం నలుగురం చాప మీద కూర్చుని, కొబ్బరిచిప్పల్లో యంగోనా, అదే ఇక్కడి మత్తు వేరు పిండిన నీళ్ళు, తాగుతున్నాం. రాజోలు అక్క తల ముగ్గుబుట్టలా అయినా ఆమే మా మధ్య పెద్ద. అందరూ ఆ ఆట గురించే. వాడి గొప్ప ముందే కనిపెట్టింది నేనంటే నేనని వాదులాడుకుంటుంటే, కాలేజీ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆలందరూ ఇప్పుడంతన్నారన్నా. అప్పుడు నన్నెవులూ లెక్కసెయ్యలేదు. నువ్వొక్కడివే పెతి ఆదారం నా పేరెట్టి అరిసీవోడివి. కూతలో ఉంటే నాకు సెవులు గుయ్యిమంటాయి, ఇంకేటీ ఇనపడదు. కాలేజీ, కాలేజీ అని నీ గొంతొకటే ఇనపడీది. ఒకడైనా మనోడున్నాడు కదా అని ఆడీవోణ్ణి."

చిప్ప చాప మీద పెట్టాను. నిజం చెప్పాలి. నోరు తెరిచాను కూడా. రాజోలు అక్క నావైపు ఒక చూపు చూసింది.

"అవునురా," అంది కాలేజీతో. "గొంతు పోయేదాకా అరిచేవాడు."

నేను చిప్ప ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాను. ఆ పందొమ్మిదేళ్ళ వాగుడుకాయని తలుచుకుంటే నాకు సిగ్గు వేయాలి. కొంచెం వేస్తుంది కూడా. కానీ బుద్ధి తెలిశాక కావాలని చేసిన మంచిపనులు ఎన్ని లెక్కపెట్టుకున్నా, ఒక మనిషికి ఆ వాగుడుకాయ తెలియక ఇచ్చినంత ధైర్యం నేను మళ్ళీ ఎవరికీ ఇవ్వలేకపోయాను.