డంకన్ తాత వేరు పొయ్యి

నిన్న పొద్దున మా ఇంట్లో రాగి జావ అడుగంటింది. టీవీలో స్కాట్లాండు గురించి చెబుతుంటే గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అక్కడి జనం ఇంగ్లాండుతో కలిసి ఉండాలా, వేరు పోవాలా అని మళ్ళీ వాదించుకుంటున్నారట. పక్కనే ఉన్న ఐర్లాండు పేరు కూడా వచ్చింది. ఆ రెండు పేర్లూ, మాడిన రాగి వాసనా కలిసి ముక్కుకు తగిలేసరికి నాకు మా అమ్మ వంట చేసిన బంగ్లా గుర్తొచ్చింది. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. ఇంతవరకు ఏమీ రాసి ఎరగను. తప్పు రాస్తానేమో అని భయం, రాయకపోతే మరిచిపోతానేమో అని ఇంకో భయం.

మాది కోలారు బంగారు గనుల ఊరు. నా చిన్నతనంలో గని సైరన్ కూస్తేనే మాకు తెల్లవారేది. చలికాలంలో సన్న తుంపర, ఎండాకాలంలో గని మట్టి దిబ్బల మీద నుంచి లేచే తెల్లటి దుమ్ము, ఆ దుమ్ము పడి నోట్లో కరకరలాడే సంకటి, గని కూలీల లైను ఇళ్ళ ముందు మేము గీసుకునే తొక్కుడుబిళ్ళ గళ్ళు, ఉన్నట్టుండి భూమి లోపల ఎక్కడో బండ పగిలి అటక మీద గిన్నెలు గలగలమంటే ఆట ఆపి ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం, ఇవన్నీ మాకు మామూలే. మా నాయన లోపల దుమ్ము పీల్చి పీల్చి రొమ్ము పాడై మంచాన పడ్డాడు. మా అమ్మ మునెమ్మ ఒక పాత బంగ్లాలో వంట చేసేది. ఆ వంటే మా ఇంటికి ఆధారం, నేనూ అమ్మ వెంట అక్కడికి పోయేదాన్ని.

ఆ బంగ్లాలో ఇద్దరు ముసలివాళ్ళు ఉండేవాళ్ళు. ఇద్దరూ గనిలో పని చేసి రిటైరైనవాళ్ళే. బంగ్లా పాట్ తాతది. ఆయన వాళ్ళ తాత ఐర్లాండు నుంచి వచ్చాడట. భార్య పోయాక ఒంటరిగా ఉండలేక, పెళ్ళే చేసుకోని తన స్నేహితుడు డంకన్ తాతను తెచ్చి పెట్టుకున్నాడు. డంకన్ తాత వాళ్ళది స్కాట్లాండు. ఇద్దరూ ఇక్కడే పుట్టారు, ఇక్కడి నీళ్ళే తాగారు, ఆ దేశాలను ఒక్కసారి కూడా చూడలేదు. కానీ ఎవరైనా తెలియక ఇంగ్లీషు దొర అని పిలిస్తే మాత్రం ఇద్దరికీ చెవులు ఎర్రబడేవి.

క్రిస్మస్ ముందు ఆ ఇల్లు ఎంత బాగుండేదో. అమ్మ గులాబీ పువ్వుల అచ్చును పిండిలో అద్ది నూనెలో ముంచుతుంటే పాట్ తాత పక్కన వెదురు మోడా వేసుకుని కూర్చుని, వేగిన మొదటిదాన్ని ఊదుకుంటూ తినేవాడు. డంకన్ తాత వాకిట్లో మాకు పాత కోటు జేబులోంచి పిప్పరమెంట్లు తీసి పంచేవాడు, కోటుకు పొగాకు వాసన, పిప్పరమెంటుకూ అదే వాసన. సాయంత్రమైతే వరండాలో కుర్చీలు వేసుకుని ఇద్దరూ వాదించుకునేవాళ్ళు. తమలో తాము ఇంగ్లీషు, మాతో తెలుగూ అరవమూ కలిపిన మాట.

పాట్ తాతకు ఒకటే గొప్ప. "మావాళ్ళు ఇంగ్లీషోడికి దండం పెట్టి వేరు పోయినారు మునెమ్మా. మా కూడు మేమే వండుకుంటాం అన్నారు. ఈయప్ప వాళ్ళు చూడు, ఇంగా వాడి పంచనే ఉండారు" అనేవాడు.

"పోయేదీ ఉండేదీ మా ఇష్టం. నువ్వెవరు చెప్పేదానికి?" అని డంకన్ తాత పైపు దులుపుకునేవాడు.

గొడవ మాత్రం జావ దగ్గర మొదలైంది. డంకన్ తాతకు పొద్దున జావలో ఉప్పు కావాలి, అది వాళ్ళ తాతల నాటి అలవాటు. పాట్ తాతకు బెల్లం కావాలి. పొయ్యి ఒకటే, కుండ ఒకటే, ఇల్లు పాట్ తాతది, కాబట్టి ఎప్పుడూ బెల్లమే. డంకన్ తాత ఏళ్ళ తరబడి ఆ తీపి జావ మింగుతూ వచ్చాడు. ఒక చలి పొద్దున అమ్మ జాలిపడి ఆయన గిన్నెలోకి బెల్లం కలపకముందే కొంచెం తీసి ఉప్పు వేసింది. పాట్ తాత చూశాడు.

"నా ఇంట్లో రెండు రుచులు లేవు. నేను చెప్పిందే వండల్ల" అన్నాడు.

డంకన్ తాత గిన్నె కింద పెట్టాడు. "మావాళ్ళు వేరు పోలేదని ఇన్నాళ్ళూ ఎగతాళి చేస్తివి కదా. సరే, నేను పోతాండాను" అన్నాడు.

"యాడికి పోతావు?"

"ఆ వెనక గదికి."

నాకు నవ్వొచ్చింది కానీ అమ్మ మొహం చూసి ఆగిపోయాను. మధ్యాహ్నానికి గని కలప పలకలు తెప్పించి డంకన్ తాత వరండాకూ వెనక గది గుమ్మానికీ అడ్డంగా కొట్టించాడు. వెనక గదిలో మూడు రాళ్ళు పెట్టి పొయ్యి చేసుకున్నాడు. అమ్మకు పని పోతుందన్న భయం పట్టుకుంది. ఒక పొయ్యి అయితే ఒక వంటమనిషి. పంతానికి ఎవరి గంజి వాళ్ళే కాచుకుంటామంటే మా నాయనకు మందు ఎక్కడిది, మాకు కూడు ఎక్కడిది?

డంకన్ తాత అగ్గిపుల్ల గీయబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు దొరా. మా ఊరు బూదికోట పక్క అన్నదమ్ములు వేరు పోతే కొత్త పొయ్యికి పాత పొయ్యి నిప్పే పోవల్ల. పోయేవాడు వచ్చి అడగల్ల, ఉండేవాడు చేత్తో ఇయ్యల్ల. అగ్గిపెట్టెతో అంటించుకుంటే ఇంగ చావుకు కూడా ఒకరింటికి ఒకరు రారు."

ఆయన పుల్ల పారేశాడు. కానీ అడగడానికి రాలేదు. పాట్ తాత పిలవనూ లేదు. బయట తుంపర పడుతూనే ఉంది. డంకన్ తాత బేకరీ రొట్టె తిని దగ్గుతూ పడుకునేవాడు, ఆ దగ్గు పలకల సందుల్లోంచి వినబడితే పాట్ తాత చెంచా ఆపేవాడు. పలక అవతల కుర్చీ జరిగిన చప్పుడైతే అమ్మ ఉలిక్కిపడేది. ఇంటికొచ్చి నాయనతో ఏమీ చెప్పేది కాదు, చీర కొంగు మెలిపెడుతూ గుమ్మంలో కూర్చునేది. నేనూ అచ్చంగాయల ఆటలో రాళ్ళు ఎగరేసి పట్టుకోలేక జారవిడిచేదాన్ని.

చివరికి ఒక పొద్దున, అమ్మ జావ దించుతుండగా, డంకన్ తాత ఇనుప మూకుడు పట్టుకుని గడప బయట నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"పాట్, నిప్పు కావల్ల."

"ఎందుకు?"

"నా పొయ్యికి."

"ఈ పొయ్యికి ఏం తక్కువొచ్చింది?"

"ఉప్పు" అన్నాడు డంకన్ తాత.

పాట్ తాత మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ పొయ్యి ముందు కూర్చున్నాడు. అమ్మ పట్టుకారు అందుకోబోతే వద్దని, తనే తీసుకున్నాడు. బాగా కాలిన పెద్ద నిప్పులే ఏరి ఏరి మూకుట్లో వేశాడు.

"తడి కట్టెలు పెట్టొద్దు. ఆరిపోతే మళ్ళా రా" అన్నాడు.

అమ్మ పని పోలేదు, రెండింతలైంది. ఇటు బెల్లం, అటు ఉప్పు. ఆదివారం డంకన్ తాత ఉతికిన చొక్కా వేసుకుని, చుట్టూ తిరిగి వచ్చి, వాకిలి తట్టి చుట్టంలా భోజనానికి వచ్చేవాడు. మరుసటి ఆదివారం పాట్ తాత అటు పోయేవాడు, ఉప్పు జావ ఒక్క మాట అనకుండా తాగేవాడు. అంత మర్యాద కలిసి ఉన్నప్పుడు వాళ్ళ మధ్య నేను చూడలేదు.

డంకన్ తాతే ముందు పోయాడు. సమాధి దగ్గరి నుంచి వచ్చాక అమ్మ అడిగింది, "దొరా, ఇంగ ఆ పలకలు తీసేయమంటారా? గాలి ఆడతాది."

"తీయొద్దు మునెమ్మా. అది వాళ్ళ ఇల్లు. ఆయన వచ్చి తీయమంటే తీస్తాను" అన్నాడు పాట్ తాత. తను పోయేదాకా ఆ గదిలో కుర్చీ కూడా వేసుకోలేదు.

ఇప్పుడు గని లేదు, సైరన్ లేదు, అమ్మా నాయనా లేరు. పోయిన నెల ఆ బంగ్లా పక్కకు వెళ్ళాను. కప్పు కూలిపోయింది, పలకలు ఎవరో ఎప్పుడో కట్టెలకు పట్టుకుపోయారు, గదుల మధ్య సర్కారు తుమ్మ మొలిచింది. గోడల మీద మాత్రం పొగ మసి మరకలు రెండు మిగిలాయి, ముందర పెద్దది, వెనక చిన్నది. చిన్నదాన్ని ముట్టుకుంటే సున్నంతో సహా నా చేతిలోకి రాలింది. చెయ్యి వెనక్కి తీసుకుని, ఇంకెక్కడా తగలకుండా బయటికి వచ్చేశాను.