డ్రిల్లు టీచరు చెప్పిన లెక్కలు

డ్రిల్లు టీచరు పదో తరగతి లెక్కల పరీక్ష మూడోసారికి గట్టెక్కింది, అదీ సరిగ్గా ముప్పై అయిదు మార్కులతో. ఆ సంగతి ఆవిడ దాచలేదు, ఎవరూ అడగనూ లేదు. అప్పట్లో లాంగ్‌జంప్‌లో ఆవిడకి సాటి వచ్చేవాళ్లు లేరు కాబట్టి ఎంత దూరం దూకావనే అందరూ అడిగేవారు. మోకాలు చెడ్డాక బడిలో చేరింది.

బడిలో ఆవిడకి వారానికి పది పీరియడ్లు, కాగితం మీద. సిలబస్ మిగిలిపోయిందని లెక్కల మాస్టారు ఆరు తీసుకునేవారు. రెండు తెలుగు టీచరు పట్టుకుపోయేది. మిగిలిన రెండింటిలో ఎక్కువగా వాన పడేది. పదకొండేళ్లు ఆవిడ సామాన్ల గదిలో కూర్చుని, ఎవరూ ఆడని బంతుల్లో గాలి నింపింది.

ఒక ఏడాది లెక్కల మాస్టారి గొంతు పోయింది. నెల్లాళ్లు నోరు విప్పొద్దని డాక్టరు చెప్పాడు. హెడ్‌మిస్ట్రెస్ టైంటేబుల్ అంతా వెతికి, బడిలో ఖాళీగా ఉన్న మనిషి డ్రిల్లు టీచరేనని తేల్చింది. ఆరో తరగతికి రుణ సంఖ్యలు, అంటే సున్నా కన్నా చిన్నవి, చెప్పాలి.

ఆ సాయంత్రం ఆవిడ పుస్తకం తెచ్చి భర్త ముందు పెట్టింది. ఆయన దర్జీ, ముప్పావులూ అరలూ నోటితోనే కూడేస్తాడు. మైనస్ మూడంటే ఏమిటో కాస్త చెప్పమంది. ఆయన మెడలో టేపు తీసి బల్ల మీద పరిచి, చాలాసేపు చూశాడు.

"ఇది సున్నా దగ్గరే మొదలవుతుందే. అంతకన్నా తక్కువ కొలతతో నా దగ్గరికి ఎవరూ రాలేదు," అని మళ్లీ మెడలో వేసుకున్నాడు.

మర్నాడు ఆవిడ నల్లబల్ల మీద తారీఖు వేసింది. తుడిచింది. మళ్లీ వేసింది. నలభై మంది పిల్లలు చూస్తున్నారు. ఇక చేసేది లేక అందర్నీ లైను కట్టించి, తనకి భయం లేని ఒకే ఒక్క చోటికి, లాంగ్‌జంప్ గుంట దగ్గరికి తీసుకుపోయింది.

అక్కడ దూకే పలకని చూస్తూ నిలబడితే ఆవిడకి తట్టింది. దూకిన దూరం కొలిచేది ఈ పలక నుంచే. పరుగంతా దీనికి ఇవతల, దూకుడంతా అవతల. సున్నముగ్గు తెచ్చి పలక దగ్గర సున్నా వేసింది. అవతల ఇసుక మీద అడుగుకో గీత, ఇవతల పరుగుదారి మీద అడుగుకో మైనస్ గీత.

తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల ఉండేది. అందరూ నత్త అనేవారు. ఆ పిల్లని మైనస్ మూడు మీద నిలబెట్టి అయిదు గెంతమంది. గెంతింది. కాళ్లకింద చూసుకుని, "రెండు," అంది. తప్పు చెప్పానేమో అన్నట్టు ఇంకోసారి కింద చూసుకుంది.

మైనస్ అంటే వెనక్కి తిరగడం అని ఆవిడ చెప్పింది. మరి రెండు మైనస్‌లు పక్కపక్కన వస్తే అని నత్తే అడిగింది. డ్రిల్లు టీచరుకి జవాబు తెలీదు. తెలిసిన పనే చేసింది.

"వెనక్కి తిరుగ్. మళ్లీ వెనక్కి తిరుగ్."

నలభై మందీ మొదట ఎటు చూస్తున్నారో అటే చూస్తూ నిలబడ్డారు. టీచరుకి ఆ లెక్క మొదటిసారి అప్పుడే అర్థమైంది. మొహంలో మాత్రం కనపడనివ్వలేదు.

గోల ఎక్కువైందని చెప్పడానికి వచ్చిన తెలుగు టీచరు గంట కొట్టేదాకా కదల్లేదు. మర్నాడు ఉత్వసంధి చెప్పడానికి తన ఏడో తరగతిని తెచ్చింది. 'వాడు', 'ఎక్కడ' రెండు జట్లుగా చేతులు పట్టుకుని ఎదురెదురుగా పరిగెత్తుకొచ్చేవి. కలిసేచోట 'ఉ' అయిన పిల్ల తప్పుకోవాలి, మిగిలింది 'వాడెక్కడ'. నీడన కూర్చోవచ్చని 'ఉ' అవడానికి తరగతంతా పోటీ పడింది.

నెలాఖరుకి తనిఖీ అధికారి వచ్చాడు. మైనస్ నాలుగూ ఆరూ కలిపితే ఎంతని నత్తని అడిగాడు. ఆ పిల్ల లేచి బెంచీల మధ్యన నిలబడి ఆరు గెంతులు గెంతింది. ఆరో గెంతుకి ఆయన కుర్చీకి తగిలి, "రెండండీ," అంది. ఆయన చాలాసేపు ఏదో రాసుకున్నాడు. తరవాత నివేదిక వచ్చింది: పిల్లలకి లెక్కలు వచ్చు, తరగతి గదిలో చోటు చాలదు.

లెక్కల మాస్టారు గొంతు ఇంకా పూర్తిగా రాకముందే బడికి వచ్చేశారు. గొడుగు వేసుకుని గుంట పక్కన పీరియడంతా చూశారు. పిల్లలు వెళ్లాక ఆవిడ దగ్గరికి వచ్చి, బొంగురు గొంతుతో, "రెండు మైనస్‌లు ప్లస్ ఎందుకవుతాయని పిల్లలు అడిగితే ఇరవై ఏళ్లుగా అది రూలు, రాసుకోండి అంటున్నానమ్మా," అన్నారు.

ఆవిడ తనకి పదోక్లాసు లెక్కల్లో ముప్పై అయిదు వచ్చాయని చెప్పింది. ఆయన తల ఊపారు.

ఆ తరవాత ఆవిడ పీరియడ్లు ఎవరూ తీసుకోలేదు. ఆ మాస్టారే వారానికి మూడుసార్లు పిల్లల్ని వెంటబెట్టుకుని గుంట దగ్గరికి వస్తున్నారు. పరీక్షల్లో మార్కులు బాగా పెరిగాయి. కాకపోతే రాస్తున్నంతసేపూ బెంచీల కింద కాళ్ల చప్పుడు వస్తోందని కాపలా టీచర్లు ఫిర్యాదు చేశారు. హెడ్‌మిస్ట్రెస్ ఆలోచించి, చెప్పులు బయట విప్పించమంది.