రెండు తీగల విమానం

ఆ రోజుల్లో మా రెంటచింతలకు విమానమంటే ఒక చప్పుడు, అంతే. ఆకాశంలో ఎక్కడో గుయ్యిమని వినిపించేది. వంట చేసే ఆడవాళ్ళు గరిటె చేత్తో పట్టుకునే వాకిట్లోకి వచ్చేవాళ్ళు, చేలో ఉన్నవాళ్ళు అరచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకునేవాళ్ళు. మా ఊరి ఎండ సంగతి అందరికీ తెలిసిందే కనుక, పైకి చూసిన ప్రతివాళ్ళకూ కళ్ళ ముందు నల్లచుక్కలు తప్ప ఇంకేమీ కనిపించేవి కావు. అయినా ఎవరో ఒకరు "అదిగో, అదిగో" అనేవారు, మిగతా అందరమూ చూశామని ఒప్పుకునేవాళ్ళం. (నేనైతే లోపల కూర్చున్న మనిషి టోపీ కూడా చూశానని మా క్లాసులో చెప్పాను.) అలాంటి ఊళ్ళో, పదిహేనేళ్ళ పిల్లగా ఓణీ నడుముకు బిగించి నేను విమానం నడిపానని చెబితే ఇప్పుడు మా మనవలు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తారు.

ఆ విమానం మా బాబాయిది. నాన్న ఆఖరి తమ్ముడు. యుద్ధంలో వైమానిక దళంలో మెకానిక్‌గా చేరి, ఎక్కడో ఉత్తరాన పెద్ద షెడ్డులో ఇంజన్లు విప్పి బిగిస్తూ యుద్ధమంతా గడిపాడు. అది ముగిశాక ఇంటికి వస్తూ ఒక రేకు పెట్టె తెచ్చాడు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరాం. పెట్టెలో రెండు ఖాకీ నిక్కర్లు, కొన్ని పానాలు, ఉన్నిగుడ్డలో చుట్టిన నిమ్మకాయంత ఇనపముక్క ఒకటి ఉన్నాయి. అది నిజమైన ఇంజనట. అక్కడి దొర ఒకాయన తీరిక వేళల్లో లేతు మీద స్వయంగా చేసుకుని, స్వదేశం వెళ్ళిపోతూ బాబాయి చేతిలో పెట్టాడట. నాయనమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "యుద్ధానికి పోయి ఇదంట్రా తెచ్చింది? మిరియాలు దంచుకోటానికన్నా పనికొస్తదా?" అంది.

బాబాయి మాటకారి కాదు. మర్నాటి నుంచి చావిట్లో కూర్చుని ఆ ఇంజనుకు తగిన విమానం కట్టడం మొదలుపెట్టాడు. జీలుగు బెండు, వెదురు పుల్లలు, గాలిపటాల కాగితం, మైదా జిగురు. రెక్కలు చాపితే నా రెండు చేతులు చాపినంత. ఇంజనుకు తాగించే నూనె మాత్రం వేరే కథ. కిరసనాయిలు, ఆముదం, ఈథరు కలపాలి. మొదటి రెండూ మా వంటింట్లోవే. మూడోది ఆసుపత్రుల్లో మత్తుకు వాడేది, ఊళ్ళో కాంపౌండరు గారిని బతిమాలి తెచ్చాడు. (ఆ సీసా తలనొప్పి మందనుకుని నాయనమ్మ గట్టిగా వాసన చూసి, సాయంత్రం జపమాల మధ్యలో హాయిగా గురకపెట్టింది. లేచాక, దేవదూతలు కనిపించారని మాత్రం చెప్పింది.)

ఇప్పటి పిల్లలు విమానం బొమ్మను చేతిలో డబ్బాతో దూరం నుంచి నడుపుతున్నారు, మధ్యలో తీగ లేదు, తాడు లేదు. మాకు అది లేదు. మా విమానం ఎడమ రెక్కలోంచి సన్నని ఉక్కు తీగలు రెండు బయటికి వచ్చేవి. వాటి చివర ఒక కర్రపిడి. పిడి పట్టుకున్న మనిషి నడిమధ్య నిలబడాలి, విమానం ఆ మనిషి చుట్టూ తిరుగుతుంది. పిడిని పైకి వంచితే ముక్కు పైకి, కిందికి వంచితే ముక్కు కిందికి. చెప్పడానికి ఇంతే.

స్టేషను అవతల ఉన్న బీడులో మొదటి పరీక్ష జరిగింది. బాబాయి పిడి పట్టుకున్నాడు, నేను విమానాన్ని ఎత్తి పట్టుకుని వదిలాను. అది లేచింది. బాబాయి గిర్రున ఒక చుట్టు తిరిగాడు, రెండో చుట్టులో ముఖం తెల్లబడింది, మూడో చుట్టు పూర్తి కాకుండానే గడ్డిలో కూలబడ్డాడు. విమానం ఆయన పక్కనే ముక్కు పాతుకుంది. నేను పరుగెత్తుకు వెళ్ళేసరికి నేలను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

"ఏంది బాబాయ్, ఏమయింది?"

"నాకు బండెక్కినా కళ్ళు తిరుగుతయ్యే. యుద్ధమంతా విమానాల కిందే పనుకున్నా. ఒక్కసారన్నా పైకి ఎక్కలా. ఎక్కు ఎక్కు అని దొర చానాసార్లు అన్నాడు. నా వల్ల కాలా." కళ్ళు మూసుకునే అడిగాడు. "నీకు తిరుగుతయ్యా?"

నాకా? ఒప్పులకుప్ప ఆడితే మా వీధిలో నాతో చేతులు కలపడానికి పిల్లలు భయపడేవాళ్ళు. ఎంతసేపు తిరిగినా నాకు ఏమీ అయ్యేది కాదు. చదువులో పనికిరాని ఈ గొప్పతనం ఇలా అక్కరకొస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. అక్కడికక్కడే తల పైకెత్తాను. ఆ తల చాలాకాలం దిగలేదు.

రెక్క అతికించి, ముక్కు సరిచేసి, నాకు శిక్షణ మొదలైంది. ముందు తాడుకు చెంబు కట్టి పెరట్లో తిప్పించాడు. చెంబు ఎగిరి నీళ్ళ గాబులో పడ్డప్పుడు నాయనమ్మ బయటికొచ్చి, "ఏమే, ఏం పట్టింది నీకు? పెళ్ళికావాల్సిన పిల్లవి, బొంగరం మాదిరి ఆ తిరుగుడేంది?" అని కేకలేసింది. బాబాయి నెమ్మదిగా, "పైలట్‌ని చేస్తన్నానమ్మా" అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను నీళ్ళ బిందెను కూడా పైలట్ నడకతో మోయసాగాను. (ఆ నడక ఎలా ఉంటుందో నాకేం తెలుసు! కాస్త వెనక్కి వాలి నడిచేదాన్ని. నీళ్ళన్నీ వీపు మీద పోయేవి.)

ఇక మొదటిసారి పిడి నా చేతికి వచ్చిన పొద్దున. బాబాయి విమానం ముక్కుకున్న పంకాను వేలితో విసిరాడు, అది ఎదురు తిరిగి ఆయన వేలిని కొట్టింది. మళ్ళీ విసిరాడు. కందిరీగల తుట్టె కదిలినట్టు ఒక్కసారిగా మోత. ఆముదం పొగ. వదిలాడు. తీగలు బిగిశాయి. ఆ క్షణంలో నా చేతికి ఏం జరిగిందో ఎలా చెప్పను? అది లాగింది. కాగితం, బెండు, వెదురుపుల్ల, నేను జిగురు పూసిన రెక్క, అది నన్ను లాగింది. పోనివ్వు పోనివ్వు అన్నట్టు లాగింది. నేను హడలిపోయి చెయ్యి మొత్తం పైకెత్తాను. విమానం నిట్టనిలువుగా లేచి, నా నెత్తి మీదుగా వచ్చి, అవతల పక్క నేలను పొడిచింది.

"చెయ్యి కాదే, మణికట్టు!" అని బాబాయి అరిచాడు. ఆ తర్వాత అన్నం ముద్ద కలిపేటప్పుడు కూడా నా మణికట్టు వంకే చూసేవాడు. పడటం, అతికించడం, మళ్ళీ పడటం. ఒక రోజు, ఎందుకో తెలియదు, అది పడలేదు. నా చుట్టూ నా భుజమంత ఎత్తులో గుండ్రంగా తిరిగింది. ఊరూ, స్టేషనూ, దూరపు కొండలూ అన్నీ చెదిరి కలిసిపోయాయి. లోకంలో కదలకుండా నిలిచింది ఆ విమానమొక్కటే. నూనె అయిపోయి ఇంజను ఆగాక కూడా అది చప్పుడు చెయ్యకుండా తేలుతూ వచ్చి గడ్డి మీద వాలింది.

ఆ రోజుల్లోనే బాబాయికి ముప్పాళ్ళ నుంచి సంబంధం వచ్చింది. సత్తెనపల్లి గుడి పండగలో ఆయన ఆ అమ్మాయిని ఒకసారి చూశాడు. అప్పటినుంచి మజ్జిగన్నంలోకి వచ్చాక పప్పు అడుగుతున్నాడు. అమ్మాయి తండ్రి రైలు దిగి మా ఇంటికి వచ్చాడు. కోరమీసాలు, భుజాన కండువా, చేతిలో పొన్నుకర్ర. మంచం మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, మొహమాటం లేకుండా మొదలుపెట్టాడు.

"యుద్ధం నించి వచ్చినోళ్ళందరూ కతలు చెబుతన్నారమ్మా. మా ఊళ్ళో ఒకడు ట్యాంకు తోలానంటాడు, ఎద్దులబండి తోలటం రాదు. మీవాడు విమానాలు బాగుచేశానంటన్నాడు. నమ్మేదెట్టా?"

నాయనమ్మ నోరు తెరిచేలోపే బాబాయి లేచి, మంచం కిందనుంచి విమానాన్ని తీసి ఆయన ముందు పెట్టాడు.

"ఎగురుద్దా ఇది?"

"ఎగురుద్దండీ."

"ఏదీ, ఎగరెయ్యి."

బాబాయి నన్ను ముందుకు తోశాడు. "నేను కాదండీ. మా అమ్మాయి ఎగరేస్తది."

నాయనమ్మ కొంగుతో మొహం కప్పుకుంది.

బీడుకు మేము వెళ్ళేసరికి మా వెనక సగం ఊరుంది. గాలి కొంచెం ఎక్కువగానే ఉంది. బాబాయి నా చేతికి పిడి ఇచ్చి, తీగలు రెండూ మరోసారి లాగి చూశాడు. అది ఎగరకపోతే పప్పూ లేదు, పెళ్ళీ లేదు అని నాకు తెలుసు. ఇంజను మోగింది, వదిలాడు, లేచింది. జనం ఒక్కసారిగా "ఓ" అన్నారు. గాలికి ఎదురుగా వచ్చిన చోట తీగలు వదులయ్యాయి. విమానం వాలింది, పిడి నా చేతిలో ఖాళీగా ఉంది. అలాంటప్పుడు వెనక్కి నడవమని బాబాయి చెప్పింది గుర్తొచ్చి గబగబా వెనక్కి అడుగులేశాను. మడమకు రాయి తగిలి సగం పడ్డాను. తీగలు బిగిశాయి. నేలను నాకబోయిన విమానం లేచింది. ఒక్క మోకాలి మీదే దాన్ని ఒక చుట్టు తిప్పాను, ఆ తర్వాత లేచాను. దించాక చూస్తే, అక్కడున్న ముసలివాళ్ళలో కొందరు తలపాగాలు తీసి చేత్తో పట్టుకుని ఉన్నారు.

ముప్పాళ్ళ పెద్దాయన పొన్నుకర్ర పక్కన పడేసి నా దగ్గరికి వచ్చాడు. "ఏదమ్మా, ఒకసారి నాకియ్యి."

కాదనడం ఎలా? బాబాయి మళ్ళీ నూనె పోశాడు. పెద్దాయన పిడి పట్టుకున్నాడు. విమానం లేచి లాగేసరికి, "ఓరి దేవుడో, పోతన్నాదే!" అని కేకపెట్టాడు. నేను ఆయన చేతిమీద నా చెయ్యి వేసి, "మణికట్టు తాతయ్యా, మణికట్టు" అని అరుస్తూ ఆయనతో పాటు తిరిగాను. కండువా ఎగిరి ఎటో పోయింది. "ఎప్పుడాగుద్దే ఇది?" "నూనె అయిపోతే ఆగుద్ది తాతయ్యా!" "కొంచెమే పోశాడా?" "నిండుగా పోశాడు!" అది చివరికి ఆగి గడ్డిలో దిగినప్పుడు పెద్దాయన కూడా దిగాడు, చతికిలబడి. మీసాల నిండా దుమ్ము. తన అరచేతిని తెరిచి దానికేసే చూస్తున్నాడు. "ప్రాణమున్నదాని మాదిరి లాగిందమ్మా" అన్నాడు, చాలా నెమ్మదిగా. తర్వాత నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. లేవదీశాక బాబాయితో ఒక్కటే మాట అన్నాడు: "పిల్లనిస్తా. అయితే నువ్వు మాత్రం పైకి ఎక్కమాక."

"ఎక్కనండీ" అని బాబాయి చెప్పినంత నిజాయితీగా ఏ పెళ్ళికొడుకూ మాటిచ్చి ఉండడు.

ఆ సాయంత్రం పెద్దాయన్ని రైలెక్కించి వచ్చాక మేమిద్దరం చావిట్లో కూర్చుని రెక్కల మీది ఆముదం తుడుస్తున్నాం. బాబాయి చాలాసేపు ఒకే రెక్కను తుడిచాడు. ఆఖరికి తలెత్తకుండానే అడిగాడు.

"ఎట్టుంటదే?"

"ఏంది బాబాయ్?"

"చేతిలో అది ఎగరతా ఉంటే, ఎట్టుంటది?"

వందలసార్లు దాన్ని ఎగరేయించిన మనిషి, మూడు చుట్లకు మించి ఎరగడు. నేను చాలా ఆలోచించాను. "పెద్ద చేప గాలానికి పడ్డట్టు ఉంటది బాబాయ్" అన్నాను. నేను జన్మలో చేపకు గాలం వెయ్యలేదు. అయినా బాబాయి ఎంతో తృప్తిగా తలూపాడు, "అట్టానా" అన్నాడు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పాను. అనుభవాన్ని సొంత మాటల్లో రాయండి అని ఎన్ని వందల మందిని సతాయించానో. ఇప్పుడు బాబాయి వచ్చి మళ్ళీ అదే అడిగితే, కాసేపు గొంతు సవరించుకుని, పెద్ద పెద్ద మాటలు వెతికి, చివరికి ఆ చేప దగ్గరికే వస్తానేమో. ఆ పదిహేనేళ్ళ పిల్లకు నాకన్నా ఎక్కువ తెలుసనిపిస్తుంది. పైలట్ నడక ఒక్కటే సరిగా రాదు పాపం.