దక్షిణానికి పోయిన ఒంటె

మొన్న మా మనవరాలు బడిలో ఇచ్చిన పని ముందేసుకుని కూర్చుంది. పురాతన కాలంలోనూ మతగ్రంథాల్లోనూ ఒంటెల గురించి నాలుగు పుటలు రాయాలట. ఎడారి వర్తకులు వాటి మీద సాంబ్రాణి మోయించుకుని పోయేవారనీ, ఒక గ్రంథంలో బావి దగ్గర ఒంటెలకు నీళ్లు తోడిపోసిన పిల్లనే కోడలిగా ఎంచుకున్నారనీ, మన వేదాల్లో కూడా రాజులు ఒంటెలను దానమిచ్చారనీ ఫోనులో చూసి చదువుతూ, "పాటీ, మనింట్లో ఒంటె కథ ఏమన్నా చెప్తా ఉండినారా?" అని అడిగింది. లేదన్నాను. ఒంటె విషయంలో నా నోట అబద్ధమే వస్తుంది, మొదటి నుంచీ అంతే.

నా ఈడు వాళ్లకు జ్ఞాపకముండే ఉంటుంది, ఆ రోజుల్లో కలలకు ఎంత విలువో. పెరంబూరు రైల్వే క్వార్టర్సులో, నాయన వర్క్‌షాపుకు బయలుదేరేలోపు, మా అవ్వ కాఫీ గ్లాసు చేతికిస్తూ ఒక్కొక్కరినీ రాత్రి ఏం కల వచ్చిందని అడిగేది. పాము కనబడినా పళ్లూడినా పంచాంగం వెనక పుటల్లో ఫలితం ఉండేది, అది చూసేదాకా ఎవరూ గడప దాటేవారు కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, నవ్వే హక్కు నాకు లేదు.

అక్కకు మదురైలో నర్సు ట్రైనింగుకు సీటు వచ్చింది. మా వీధి నుంచి అంతదూరం చదువుకు పోతున్న మొదటి ఆడపిల్ల. నాయన రైలు పాసు రాయించి, ట్రంకుపెట్టె మీద వర్క్‌షాపు పెయింటరు చేత తెల్లరంగుతో అక్క పేరు వేయించాడు. నాకప్పుడు పదేళ్లు, అక్క చెయ్యి పట్టుకోనిదే నిద్రపట్టేది కాదు. ఆ వారమే భజన మందిరంలో పురాణం చెప్పే పంతులుగారు లంకలోని ముసలి రాక్షసి కలను వర్ణించారు. అందులో రాజు తమ్ముడు, ఆ ఆరునెలల నిద్రపోతు, ఒంటెనెక్కి దక్షిణ దిక్కుకు పోయాడట, అంటే చావేనట. అవ్వ భయంతో చెంపలు వేసుకోవడం నేను చూశాను.

మర్నాడు నా వంతు వచ్చినప్పుడు, అక్క ఒంటెనెక్కి దక్షిణానికి పోతూ కనిపించిందని చెప్పాను. తెల్లవారుజామున వచ్చిన కల తప్పదంటారు గనుక, ఆ వేళనే వచ్చిందని కూడా చేర్చాను. మదురై ఏ దిక్కున ఉందో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర లేకపోయింది. నాయన అవ్వతో రెండు రోజులు వాదించి, మూడోనాడు పాసు తిరిగి ఇచ్చేశాడు.

అక్క పురసవాక్కంలో ఒక బట్టల కొట్లో చీరలు మడతపెడుతూ ముప్పై ఏళ్లు నిలబడింది. చావు కలలో కనబడిన పిల్లన్న మాట ఊరంతా పాకి, వచ్చిన సంబంధాలు వచ్చినట్టే పోయాయి. నేను అవ్వను తిట్టుకున్నాను, పంతులుగారిని తిట్టుకున్నాను, నాయన పిరికితనాన్నీ తిట్టుకున్నాను, నన్ను మాత్రం భద్రంగా దాచుకున్నాను. పెళ్లాడాను, పిల్లల్ని కన్నాను, నా నాలుక చేసిన పని ఎవరికీ చెప్పలేదు.

మోకాళ్లు పనిచేయక ఈమధ్య అక్క నా దగ్గరే ఉంటోంది. మనవరాలు ఆ పుటలు పట్టుకుని బడికి పోయిన పొద్దున, ములగాకు దూస్తున్న అక్క ఎదుట కూర్చుని, అది కల కాదు, నేను కల్పించానని చెప్పేశాను. అక్క తల ఎత్తలేదు.

"అబద్ధం యాడిదిమే? పదేళ్ల బిడ్డకు అంత కల్పించేదానికి యాడొస్తుంది? నువ్వు చూసే ఉంటావు. ఆడికి పొయ్యుంటే నేను చచ్చిపొయ్యుందును. సరి, ఇంక ఆ మాట ఎత్తొద్దు."

కాదక్కా, పంతులుగారు చెప్పగా విన్నానని మళ్లీ మొదలుపెట్టాను. అప్పుడు ఆమె చేతులు ఆగిపోయాయి. నావైపు చూసిన ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది, భరించేదాన్ని. వద్దని బతిమాలుతున్నట్టుగా చూసింది. ఒక రెమ్మ అందుకుని నేనూ ఆకు దూయసాగాను.

ఈ కాలంలో ఎవరి కలలూ ఎవరూ అడగరు. మా మనవరాలు ఎక్కడికి పోయి చదువుతానన్నా, దిక్కు చూసి ఆపే మనిషి ఇంట్లో లేడు. ఆ పిల్లకు మంచిదే. నా మాట నమ్మిన పెద్దలంతా పోయారు, ఇంకా నమ్ముతున్నది అక్క ఒక్కతే. ఆ నమ్మకం కూడా పోతే ఆమెకు ఇన్నేళ్ల బతుకు దేనికోసమన్నట్టు? ఒకసారి ఆమె దగ్గర లాక్కున్నది చాలు.